పెద్దబిడ్డకు ఫారం గడువు దాటిపోయింది, చిన్నబిడ్డకు దాటకూడదు: సీనియర్ ఇంటర్ వాళ్లు ఎప్పుడు ఏం చేయాలి?

మిర్యాలగూడ_నాన్న
నేను రైసుమిల్లులో గుమాస్తాను. ఇద్దరు ఆడపిల్లలు. పెద్దబిడ్డ ఎంపీసీలో 1000కి 968 తెచ్చుకుంది. లెక్కలంటే ఇష్టమే గానీ ఇంజినీరింగ్ మీద మనసు లేదు. ఎకనామిక్స్ చదవాలని, సెంట్రల్ యూనివర్సిటీలో చేరాలని జూనియర్ ఇంటర్ నుంచీ అంటుండేది. ఎట్లా చేరాలో దానికీ తెలియదు, నాకూ తెలియదు. హాస్టల్లో ఫోన్ ఉండదు. పరీక్షలు అయిపోయి ఇంటికొచ్చాక పక్కింటి పిల్లగాడి ఫోన్‌లో చూస్తే సెంట్రల్ యూనివర్సిటీల ప్రవేశ పరీక్ష సీయూఈటీ అంట, దాని ఫారం మూసేసి అప్పటికే పన్నెండు రోజులు. అది ఏడవలేదు. ఫోన్ తిరిగిచ్చేసి, లోపలికి వెళ్లి వాళ్లమ్మ పక్కన కూర్చుని చేటలో బియ్యం ఏరుకుంటూ ఉండిపోయింది.

ఎప్‌సెట్ ర్యాంకుకు వచ్చిన సీటులో సీఎస్‌ఈ చేరింది. ఇప్పుడు మూడో సంవత్సరం. "ఎట్లుంది బిడ్డా చదువు" అని అడిగితే "నడుస్తుంది నాన్నా" అంటుంది. అంతకుమించి ఒక్క మాట రాదు.

చిన్నది ఇప్పుడు సీనియర్ ఇంటర్‌లోకి వచ్చింది. జూనియర్‌లో 470కి 455. దీనికీ ఎకనామిక్సే కావాలి, అదీ ఢిల్లీ యూనివర్సిటీలో. కాలేజీలో అడిగితే "మా దగ్గర జేఈఈ, ఎప్‌సెట్ వరకే, మిగతావి మీరు చూసుకోండి" అన్నారు. పొద్దున ఆరింటికి మొదలుపెట్టి రాత్రి తొమ్మిదిన్నర దాకా పిల్లల్ని కూర్చోబెడతారు. ఒక్క కాగితం మీద ఈ పరీక్షలున్నాయి, ఈ నెలలో ఫారాలు వస్తాయి అని రాసి గోడకు అంటిస్తే వాళ్ల సొమ్మేం పోయింది?

ఎప్పటినుంచి మొదలుపెట్టాలి, ఏ కాగితాలు తయారు చేసుకోవాలి, జేఈఈ చదువు మానేయాలా? తెలిసినవాళ్లు చెప్పండి.

గచ్చిబౌలి_సీనియర్
అంకుల్, నేను సీయూఈటీ రాసి హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎంఏ ఎకనామిక్స్‌లో చేరాను. మాదీ జిల్లానే, నాదీ ఎంపీసీనే. మీ అక్క విషయం చదివి చాలా బాధేసింది, నాకూ వెంట్రుకవాసిలో తప్పింది.

ముందు సంగతి: జేఈఈ మానేయక్కర్లేదు. ఢిల్లీ యూనివర్సిటీలో ఎకనామిక్స్ ఆనర్స్‌కు సీయూఈటీలో ఒక భాష, మ్యాథ్స్, ఇంకో రెండు సబ్జెక్టులు రాయాలి. ఆ రెండూ ఫిజిక్స్, కెమిస్ట్రీ కావచ్చు. అంటే ఇప్పుడు చదువుతున్నదే ఇక్కడా పనికొస్తుంది. అయితే ఇంటర్‌లో చదివిన సబ్జెక్టులే సీయూఈటీలో రాయాలని ఢిల్లీ వాళ్ల నియమం. సులువని ఇంకోటి ఎంచుకుంటే లెక్కలోకి రాదు. ఇంకో యూనివర్సిటీ అయితే వాళ్లు ఏ కోర్సుకు ఏ పేపర్లు అడుగుతారో వాళ్ల సైట్‌లో చూసుకున్నాకే ఫారంలో టిక్ పెట్టాలి. ఒక్కసారికి ఐదు సబ్జెక్టుల దాకా రాయొచ్చు.

పేపరుకు 50 ప్రశ్నలు, 60 నిమిషాలు, అన్నీ కంప్యూటర్ మీదే. రైటుకు 5 మార్కులు, తప్పుకు ఒకటి కోత. 13 భాషల్లో రాయొచ్చు, అందులో తెలుగు కూడా ఉంది.

గడువు సంగతే అసలు చిక్కు. 2022లో ఏప్రిల్‌లో తెరిచారు, 2023లో ఫిబ్రవరిలో. 2025లో మార్చి 1న తెరిచారు, మన ఇంటర్ పరీక్షలు మార్చి 5న మొదలయ్యాయి. పిల్లలు పరీక్షల్లో ఉండగానే ఫారం వచ్చి వెళ్లిపోయింది. మీ అక్కకు జరిగిందీ ఇదే. పిల్ల మీద వదలొద్దు, డిసెంబర్ నుంచి మీరే వారానికోసారి ఈ పరీక్ష పెట్టే ఎన్‌టీఏ వాళ్ల సైట్ చూడండి.

మిర్యాలగూడ_నాన్న
తల్లీ, అది నా పెద్దబిడ్డ, అక్క కాదు 🙂 కానీ నువ్వు అట్లా అనడం బాగుంది. జేఈఈ చదువు పనికొస్తుందన్నావు, ఆ ఒక్క మాటతో సగం టెన్షన్ పోయింది.

గచ్చిబౌలి_సీనియర్
అయ్యో, సారీ అంకుల్. నాకు అక్క అవుతుంది కదా, ఆ లెక్కలో రాసేశాను.

కరీంనగర్_బీటెక్
అందరూ ఒప్పుకోకపోవచ్చు, అయినా చెప్తున్నా. నెలజీతం మీద నడిచే ఇల్లు. ఢిల్లీలో బీఏ చదివాక ఉద్యోగం ఏంటి? మళ్లీ ఎంఏ, మళ్లీ లెక్చరర్ అర్హతకు నెట్ పరీక్ష, మళ్లీ ఎదురుచూపు. బీటెక్‌లో నాలుగేళ్లకు ఏదో ఒకటి చేతికొస్తుంది. పెద్దమ్మాయి సీఎస్‌ఈలో మూడో సంవత్సరానికి వచ్చేసింది కదా, ఇంకేం కావాలి?

ధూల్‌పేట_అరవింద్
@కరీంనగర్_బీటెక్ "నడుస్తుంది నాన్నా" అన్న మాట నువ్వు చదవలేదా అన్నా? మా క్లాసులో అట్లాంటోళ్లం 60 మందిలో 40 మంది ఉండేవాళ్లం. మార్కులు వస్తాయి. మనసుండదు.

కరీంనగర్_బీటెక్
చదివాను. మా నాన్న ఆర్టీసీ డ్రైవర్. నాకు హిస్టరీ ఇష్టం, బీటెక్ చేశాను, ఇంటి అప్పు తీర్చాను. మనసు లేకుండా చేశాను కాబట్టి తప్పని అనలేను. డబ్బు లెక్క వేసుకోకుండా పిల్లని పంపొద్దు అంటున్నా, అంతే.

సూర్యాపేట_మ్యాథ్స్_సార్
నేను ప్రభుత్వ జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్తాను, పద్దెనిమిదేళ్లుగా. కరీంనగర్ తమ్ముడి మాటలో నిజముంది, డబ్బు లెక్క తప్పనిసరి. కానీ సెంట్రల్ యూనివర్సిటీ ట్యూషన్ ఫీజు ప్రైవేట్ బీటెక్ ఫీజుతో పోలిస్తే చాలా తక్కువ. ఢిల్లీలో ఖర్చంతా ఉండటానికీ తినడానికే. హాస్టల్ సీట్లు కొద్దిగానే ఉంటాయి, బయట గది అద్దె లెక్క వేసుకునే దిగాలి.

ఇప్పుడు సిలబస్ గురించి, ఎందుకంటే దీని మీద పిల్లలు దెబ్బ తినడం నేను ఏటా చూస్తున్నాను. సీయూఈటీ మ్యాథ్స్ ఎన్‌సీఈఆర్‌టీ పన్నెండో తరగతి పుస్తకం మీద వస్తుంది. మన తెలుగు అకాడమీ పుస్తకాల వరస వేరు. మ్యాట్రిసెస్, డిటర్మినెంట్లు వాళ్లకు పన్నెండులో ఉంటాయి, మన పిల్లలకు 1ఏ లెక్కల పుస్తకంలో, జూనియర్‌లోనే అయిపోయాయి. వెక్టర్లు, డెరివేటివ్‌లు కూడా అంతే. సీనియర్‌కు వచ్చేసరికి అవి సగం మరిచిపోయి ఉంటారు. లీనియర్ ప్రోగ్రామింగ్ అయితే మన సీనియర్ పుస్తకాలు 2ఏ, 2బీల్లో లేనే లేదు. చిన్న పాఠమే, నాలుగు రోజుల పని, కానీ ఉందని తెలియాలి కదా. నిరుడు నా దగ్గరికి ఒక పిల్ల సీయూఈటీ రాసొచ్చి "సార్, ఆ గ్రాఫుల లెక్కలు ఎక్కడివి?" అని అడిగింది. ఆ పిల్లకు నేను ముందే చెప్పి ఉండాల్సింది.

ఆంధ్రాలో 2025-26 నుంచి జూనియర్ ఇంటర్‌కు ఎన్‌సీఈఆర్‌టీ సిలబస్ తెచ్చారు, అక్కడి పిల్లలకు ఈ తేడా తగ్గుతుంది. మన పిల్లలు మాత్రం ఆ పన్నెండో తరగతి పుస్తకం తెచ్చుకుని, విషయసూచిక ముందు పెట్టుకుని, ఏది చదివాం ఏది చదవలేదు అని పెన్నుతో గుర్తు పెట్టుకోవాలి. ఎన్‌సీఈఆర్‌టీ సైట్‌లో ఆ పుస్తకం ఉచితంగా దొరుకుతుంది.

ఫారాల వరుస పండగలతో గుర్తుపెట్టుకోమని మా పిల్లలకు చెప్తాను. దసరా నాటికి లా ప్రవేశ పరీక్ష క్లాట్ ఫారం చేతిలో ఉండాలి, పరీక్ష డిసెంబర్‌లో. దీపావళి చుట్టుపక్కల జేఈఈ మెయిన్ మొదటి విడత ఫారం. క్రిస్మస్ నాటి నుంచే సీయూఈటీ కోసం కాచుకోవాలి. శివరాత్రి, హోలీ మధ్యలో ఎప్‌సెట్. ఉగాది దగ్గర్లో సైన్స్ డిగ్రీ చదివించే కేంద్ర సంస్థలు ఐసర్ వాళ్ల ప్రవేశ పరీక్ష ఐఏటీ. తేదీలు ఏటా అటూ ఇటూ జరుగుతాయి, వరుస మాత్రం దాదాపు ఇదే.

వరంగల్_లా
క్లాట్ గురించి సార్ చెప్పింది నిజం. శామీర్‌పేటలో నల్సార్, విశాఖలో దామోదరం సంజీవయ్య, రెండు లా యూనివర్సిటీలూ మన దగ్గరే ఉన్నాయి. మా కాలేజీలో 300 మంది ఎంపీసీ, సీఈసీ పిల్లల్లో క్లాట్ పేరు విన్నది ముగ్గురు. నేను విన్నది కూడా మా మేనమామ కోర్టులో గుమాస్తా కాబట్టి. 120 ప్రశ్నలు, రెండు గంటలు, అంతా చదివి అర్థం చేసుకునే పరీక్ష. రోజూ ఇంగ్లిష్ పేపర్ చదివే అలవాటు జూనియర్‌లోనే పడాలి.

తిరుపతి_బైపీసీ
బైపీసీ వాళ్ల గోడు ఎవరూ రాయలేదు, నేను రాస్తా. మాకు నీట్ తప్ప లోకం లేదన్నట్టు పెంచుతారు. నీట్‌లో సీటు రాకపోతే లాంగ్ టర్మ్, మళ్లీ రాకపోతే మళ్లీ లాంగ్ టర్మ్. నేను ఐఏటీ రాసి తిరుపతి ఐసర్‌లో చేరాను. 60 ప్రశ్నలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్, బయాలజీ తలా 15, మొత్తం 240 మార్కులు, మూడు గంటలు. మ్యాథ్స్ చూసి బైపీసీ పిల్లలు వెనక్కి తగ్గుతారు. ఎంపీసీ వాళ్లకు బయాలజీ కూడా అంతే కష్టం, అది గుర్తుపెట్టుకోండి. నేను మ్యాథ్స్‌లో నాలుగే రాశాను, మిగతావి వదిలేశాను, సీటొచ్చింది. మా ఊళ్లో మాత్రం "డాక్టర్ సీటు రాలేదంట పాపం" అనే చెప్పుకుంటున్నారు. మా అమ్మ వాళ్లందరికీ ఓపిగ్గా ఐసర్ అంటే ఏంటో చెప్పుకుంటూ తిరుగుతోంది.

ధూల్‌పేట_అరవింద్
మీ అమ్మగారికి నా దండాలు 🙏

మీసేవ_శ్రీను
నేను మీ సేవ సెంటర్ నడుపుతాను. అందరూ పరీక్షల గురించే రాస్తున్నారు. జూన్, జూలైల్లో నా కౌంటర్ దగ్గర కన్నీళ్లు పెట్టుకునేది పరీక్ష పోయినవాళ్లు కాదు. సీటొచ్చాక కాగితం లేనివాళ్లు.

ఒకటి, కుల ధ్రువీకరణ. మన బీసీ సర్టిఫికెట్ రాష్ట్రంలో చెల్లుతుంది. ఢిల్లీ యూనివర్సిటీ అయినా, ఎన్‌ఐటీ అయినా అడిగేది సెంట్రల్ ఫార్మాట్‌లో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్. అది వేరే దరఖాస్తు. రాష్ట్ర బీసీ జాబితాలో ఉన్న కులాలన్నీ కేంద్రం ఓబీసీ జాబితాలో లేవు, అది ముందే చూసుకోండి. ఇంకో మెలిక, సీటు ఇచ్చేటప్పుడు ఆ ఏడాది ఏప్రిల్ 1 తర్వాత తీసుకున్నది అడుగుతారు. జనవరిలో తీసుకుని బీరువాలో పెట్టుకుంటే పనికిరాదు. ఈడబ్ల్యూఎస్ కూడా అంతే, ఏ ఆర్థిక సంవత్సరానికి ఆ సంవత్సరానిదే. ఏప్రిల్ మొదటివారంలో దరఖాస్తు పెట్టేయండి. జూన్‌లో వస్తే తహసీల్దార్ ఆఫీసులో కట్టలు కట్టలు ఉంటాయి.

రెండు, పేరు. ఇది మన తెలుగువాళ్లకే ప్రత్యేకం. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది. ఆధార్‌లో ఒక్క అక్షరం ఉంటుంది, లేదా ఇంటిపేరు చివరికి పోయి ఉంటుంది. ఒకచోట లక్ష్మి చివర ఇంగ్లిష్‌లో ఐ, ఇంకోచోట వై. ఫారంలో పేరు మెమోలో ఉన్నట్టే నింపాలి, ఆధార్ దానికి సరిపోవాలి. మెమో మార్చాలంటే బడి నుంచి బోర్డు దాకా తిరగాలి, నెలలు పడుతుంది. ఆధార్ మార్చడం తేలిక. కానీ ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లే మార్చుకోనిస్తారు, కాబట్టి మెమో ముందు పెట్టుకుని అక్షరం అక్షరం సరిచూసి ఒకేసారి మార్పించండి.

గోదారిగట్టు
మా ఇంట్లో నలుగురం, మా ఇంటిపేరు నాలుగు స్పెల్లింగులు. రేషన్ కార్డులో ఐదోది 😄

మీసేవ_శ్రీను
@గోదారిగట్టు మీ ఇంటిల్లిపాదీ ఒకేసారి రండి, మీ కోసం ఒక రోజంతా కేటాయిస్తా.

గోదారిగట్టు
నవ్వులకేం గానీ, ఫోన్ నంబర్ సంగతి ఎవరూ రాయలేదు. మా తమ్ముడికి జేఈఈ ఫారం కాలేజీ వాళ్లే నింపారు. మంచిదే అనుకున్నాం. మొబైల్ నంబరూ, మెయిలూ కాలేజీ క్లర్కువి పెట్టారు. కౌన్సెలింగ్‌కు వచ్చేసరికి ఓటీపీ ఆ క్లర్కుకు పోతోంది, ఆయన సెలవు మీద ఊరెళ్లాడు. ఆఖరి రోజు సాయంత్రం నాలుగు దాకా మా నాన్న ఆయన ఇంటి అరుగు మీద కూర్చున్నాడు. ఐదింటికి గడువు. నాలుగు నలభైకి ఆయన ఫోన్ ఎత్తాడు. ఆ ఇరవై నిమిషాల్లో తమ్ముడు ఆప్షన్లు పెట్టిన వరుస చూస్తే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది, దూరంగా ఉన్న కాలేజీ పైన, దగ్గర్లోది కింద. నంబర్ మీది పెట్టండి. రీఛార్జ్ మానేయని నంబర్ పెట్టండి. పాస్‌వర్డ్ నోటుబుక్‌లో రాసుకోండి.

సూర్యాపేట_మ్యాథ్స్_సార్
ఇది నూటికి నూరుపాళ్లు నిజం. ఆప్షన్ల వరుస కూడా పిల్లలు కూర్చుని, అమ్మానాన్నల ఎదురుగా, కాగితం మీద ముందు రాసుకోవాలి. ఏది నిజంగా ఎక్కువ ఇష్టమో అదే పైన. "ఇది రాదులే" అని కిందికి నెట్టొద్దు. పైన పెట్టినంత మాత్రాన కిందివి పోవు.

జేఎన్‌యూ_గోపి
@మిర్యాలగూడ_నాన్న సార్, ఇంకో గుంట ఉంది, అందులో మా పిన్ని కొడుకు పడ్డాడు. సీయూఈటీ రాస్తే ఢిల్లీ యూనివర్సిటీకి దరఖాస్తు అయిపోయినట్టే అనుకున్నాడు. కాదు. ఢిల్లీ వాళ్లది సీఎస్‌ఏఎస్ అని వేరే పోర్టల్. అందులో మళ్లీ రిజిస్టర్ చేసుకుని, కాలేజీ, కోర్సు కలిపి ప్రాధాన్యాలు ఇవ్వాలి. వాడికి స్కోరు మంచిదే వచ్చింది, పోర్టల్‌లో పేరే లేదు. సీయూఈటీ ఫారంలో యూనివర్సిటీ పేరు టిక్ పెట్టడం వేరు, సీటు కోసం ఆ యూనివర్సిటీలో దరఖాస్తు పెట్టడం వేరు. ఏ యూనివర్సిటీకి ఆ యూనివర్సిటీ విడివిడిగా చూసుకోవాలి.

ఢిల్లీ అంటే భయపడకండి. సౌత్ క్యాంపస్‌లో శ్రీ వెంకటేశ్వర కాలేజీ టీటీడీదే, 1961 నుంచి ఉంది. ఎకనామిక్స్ ఆనర్స్ కూడా ఉంది. దగ్గర్లో మెట్రో స్టేషన్ పేరు దుర్గాబాయి దేశ్‌ముఖ్ సౌత్ క్యాంపస్. రాజమండ్రి ఆడబిడ్డ పేరు ఢిల్లీ మెట్రోలో రోజుకు ఎన్నిసార్లు వినిపిస్తుందో. నేను మొదటిసారి విన్నప్పుడు పెట్టె పట్టుకుని అట్లాగే నిలబడిపోయాను.

ధూల్‌పేట_అరవింద్
వెంకన్న ఢిల్లీలో కూడా మనోళ్లను వదలడన్నమాట.

ఫ్రిస్కో_అమ్మ
టెక్సాస్ నుంచి చదువుతున్నాను. ఇక్కడ అన్నీ స్కూలే చూసుకుంటుందని మా వాళ్లంతా అనుకుంటారు. కౌన్సెలర్ ఉంటారు, నిజమే, కానీ ఒక్కొక్కరికి వందల మంది పిల్లలు. తొమ్మిదో తరగతి నుంచి ప్రతి మార్కూ లెక్కే. టెక్సాస్‌లో క్లాసు ర్యాంకును బట్టి ప్రభుత్వ యూనివర్సిటీలో నేరుగా సీటు ఇచ్చే చట్టం 1997లో వచ్చింది. ఆస్టిన్‌లోని టెక్సాస్ యూనివర్సిటీకి అది మొన్నటిదాకా టాప్ 6 శాతం, 2026 ఫాల్ నుంచి 5 శాతం. మన తెలుగు పిల్లలంతా కొన్ని స్కూళ్లలోనే ఉంటారు, ఒకరితో ఒకరికే పోటీ. ర్యాంకు వచ్చినా కోరుకున్న మేజర్, అంటే ప్రధాన సబ్జెక్టు, దొరుకుతుందని లేదు.

చాలా యూనివర్సిటీలకు ఒకే దరఖాస్తు కామన్ యాప్, అది ఆగస్టు 1న తెరుస్తారు. అందులో ఎస్సే 650 పదాలు మించకూడదు. మా అబ్బాయి మొదట రోబోటిక్స్ గురించి రాశాడు. చదివితే ఎవరైనా రాయగలిగినట్టుంది. తర్వాత వాళ్ల నాన్నమ్మ మందు సీసాల మీది ఇంగ్లిష్ చదివి, వాటికి తెలుగులో "పొద్దున", "రాత్రి అన్నం తిన్నాక" అని చీటీలు అంటించేవాడు కదా, అది రాశాడు. అక్షరాలు వంకరగా ఉండేవి, ఆవిడ వాటినే తడుముకుంటూ వేసుకునేది. చదివి నేను వంటింట్లోకి వెళ్లి కాసేపు నిలబడ్డాను. అక్కడి పిల్లలు ఎస్సే రాయక్కర్లేదు, తెలుసు. కానీ ఏం చదవాలని ఉందో, ఎందుకో ఒక పేజీ రాయించండి అన్నయ్యా. అది మీ బిడ్డకే కావాలి.

కరీంనగర్_బీటెక్
ఫ్రిస్కో అక్క మాట బాగుంది. మిర్యాలగూడ అన్నా, నేను ముందు రాసింది వెనక్కి తీసుకోను గానీ ఒకటి కలుపుతా. ఢిల్లీ ఒక్కదాని మీదే ఆధారపడొద్దు. ఎప్‌సెట్ కూడా రాయించండి. డిగ్రీ అడ్మిషన్ల ఆన్‌లైన్ పోర్టల్ దోస్త్‌లో కూడా పేరు వేయండి, 2016 నుంచి రాష్ట్రంలో డిగ్రీ సీట్లన్నీ దాదాపు అందులోనే. హైదరాబాద్‌లో ఎకనామిక్స్ ఉన్న మంచి డిగ్రీ కాలేజీలున్నాయి. ఢిల్లీ రాకపోయినా బిడ్డ ఎకనామిక్స్ చదువుతుంది.

గచ్చిబౌలి_సీనియర్
@కరీంనగర్_బీటెక్ అన్నా, ఇది ముందే రాసుంటే నేను మీతో పోట్లాడటానికి పెద్ద పోస్టు తయారు చేసుకునేదాన్నే కాదు. చెరిపేస్తున్నా.

అంకుల్, మీ అక్క... అదే, మా అక్క బీటెక్ అయ్యాక కూడా ఎంఏ ఎకనామిక్స్ చేయొచ్చు. పీజీకి సీయూఈటీ పీజీ వేరే ఉంది. మా క్యాంపస్‌లో ఎంఏ క్లాసులో ఇంజినీరింగ్ చేసి వచ్చినవాళ్లు ఉన్నారు. లెక్కలు వచ్చినవాళ్లకు ఈ సబ్జెక్టు బాగా అబ్బుతుంది. ఈ సంగతి తనకు చెప్పండి.

మిర్యాలగూడ_నాన్న
నిన్న ఆదివారం చిన్నదాన్ని ఔటింగ్‌కు ఇంటికి తెచ్చాను. వంటింటి గట్టు మీద అన్నీ పరిచాం. పదో తరగతి మెమో, ఆధార్, పాత కుల సర్టిఫికెట్, జూనియర్ మార్కుల మెమో. శ్రీను తమ్ముడు చెప్పినట్టు అక్షరం అక్షరం చూశాం. మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంది, ఆధార్‌లో ఒక్క అక్షరమే. పుట్టిన తేదీ ఒకటే, సంతోషం. సార్ చెప్పిన పన్నెండో తరగతి లెక్కల పుస్తకం విషయసూచిక పెద్దబిడ్డే ఫోన్‌లో తీసింది. చెల్లె పక్కన కూర్చుని చదివినవాటికి టిక్, చదవనివాటికి చుక్క పెట్టించింది. లీనియర్ ప్రోగ్రామింగ్ దగ్గర పెద్ద చుక్క పెట్టారు. అది తనే చెప్తానంది, సెలవులకు వచ్చినప్పుడు.

సీయూఈటీ పీజీ సంగతి కూడా చెప్పాను. ఏమీ అనలేదు. రాత్రి నేను పడుకున్నాక కూడా దాని గదిలో ఫోన్ వెలుగు కనిపించింది. పొద్దున లేచి "నాన్నా, ఆ అమ్మాయి ఏ ఊరు, మాట్లాడొచ్చా" అని అడిగింది. గచ్చిబౌలి బిడ్డా, నీకు ఇబ్బంది లేకపోతే తనతోనే ఇక్కడ పేరు నమోదు చేయించి నీకు మెసేజ్ పెట్టిస్తాను.

ఆధార్ మార్పించడానికి వచ్చే ఆదివారం దాన్ని మళ్లీ తీసుకురావాలా, నేను ఒక్కణ్ణే పోతే సరిపోతుందా?

గచ్చిబౌలి_సీనియర్
ఇబ్బందేముంది అంకుల్, వెంటనే పెట్టమనండి. రాత్రి తొమ్మిది తర్వాత ఖాళీగా ఉంటా.

మీసేవ_శ్రీను
బిడ్డ రావాలన్నా, వేలిముద్ర తీసుకుంటారు. ఒరిజినల్ మెమో తెండి, జిరాక్స్ చాలదు. ఆదివారం సెంటర్ తెరిచి ఉంటుందో లేదో ముందు ఫోన్ చేసి కనుక్కోండి. ఇచ్చిన రసీదు పారేయొద్దు, ఫోన్‌లో ఫొటో కూడా తీసి పెట్టుకోండి.